చెవి గురించి పదకొండు వాక్యాలు

పంపుహౌసు వీధి,
ఆగస్టు 9

అన్నయ్యకు,

ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈమధ్య ఫోన్ ఎత్తితే మధ్యలో ఏదో టిక్కుమంటోంది. అది నిజమో నా భయమో తెలియడం లేదు. మొన్న గురువారం పొద్దున ఆయన్ను తీసుకుపోయారు.

నలుగురు వచ్చారు. మర్యాదగానే ఉన్నారు. ఆయన అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు, ఒక చెంపకు సబ్బు అలాగే ఉంది. "కడుక్కుని రండి, తొందరేం లేదు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. కుర్చీ లాక్కుని కూర్చుని ఎదురు చూశాడు కూడా. ఇల్లంతా వెతికి మూడు వస్తువులు పట్టుకెళ్ళారు. ఆయన వినే కడ్డీ, సుద్దముక్కల డబ్బా, లీకులు రాసుకునే నోటుబుక్కు.

ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. రిటైరై ఏడాదిన్నరైనా, పొద్దున్నే బండ్ల రొద మొదలవకముందు ఆ కడ్డీ పట్టుకుని బయలుదేరడం ఆయన మానలేదు. ఇనప కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొసనున్న చెక్క గిన్నెకు చెవి పెట్టి, కింద పైపులో నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో వింటాడు. దొరికితే అక్కడ సుద్దతో సున్నా చుట్టి, పక్కన బాణం గుర్తు వేసి, ఆఫీసుకు కార్డు రాస్తాడు. ఆఫీసువాళ్ళు మెషీన్లు తెచ్చుకున్నాక మీ కార్డులు ఎవరు చదువుతారని నేనంటే, "ఎవరూ చదవకపోతే మాత్రం కారే నీళ్ళు ఆగుతాయా?" అనేవాడు. ముప్పై నాలుగేళ్ళు చేసిన పని. డిపార్ట్‌మెంటులో అందరూ స్టెతస్కోపు అనే పిలిచేవాళ్ళు, గుర్తుందిగా.

రైల్వే స్టేషన్లో ఆ పేలుడు జరిగినప్పటి నుంచి ఊరు ఊరులా లేదు. ప్రతి స్తంభానికీ ఆ నంబరున్న పోస్టరే. అనుమానం వస్తే ఫోన్ చేయండి, మీ పేరు చెప్పక్కర్లేదు అని. ఎవరో చేశారు. ఇళ్ళ ముందు సున్నాలూ బాణాలూ గీస్తున్న ముసలాయన అని చెప్పారట. చేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మా గుమ్మం ముందు గుర్తు పెట్టి పోతే నేనూ చేసేదాన్నేమో.

ప్రజా రక్షణ చట్టం కింద పెట్టారట. మూడు నెలల దాకా కోర్టు లేదు, కేసు లేదు. తర్వాత పరిశీలనా మండలి చూస్తుంది. అవసరం లేదనుకుంటే వదిలేస్తుంది, లేదంటే ఇంకో మూడు నెలలు. నువ్వు గవర్నమెంటు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చట్టమే కదా అది. చదువుకున్న బంధువు ఒకరు వాంగ్మూలం ఇవ్వొచ్చని ఫారం ఇచ్చారు, దీంతో పంపుతున్నాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు. ఆయన మంచివాడని రాయి అన్నయ్యా. అంతే చాలు.

చిట్టి

*

ప్రెస్ కాలనీ,
ఆగస్టు 14

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు కంగారు తగ్గించుకో. ఆ చట్టాన్ని నేను మూడుసార్లు అక్షరం అక్షరం చూశాను. ముప్పై ఎనిమిది సెక్షన్లు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్నవి అమాయకుల కోసమే. పేలుడులో అంతమంది పోయాక ప్రభుత్వం నలుగురిని పిలిచి అడగకుండా ఎలా ఉంటుంది చెప్పు. మా కాలనీ రక్షణ కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి. మేమూ వారానికి ఒకటో రెండో ఫోన్లు చేస్తాం. పౌరుడిగా అది మన పని. తప్పు చేయనివాడికి ప్రశ్నలంటే భయమెందుకు.

ఫారం ఇవాళే రిజిస్టరు పోస్టులో పంపాను. ఎనిమిది పేజీలు. జనం ఇలాంటివి నింపేటప్పుడు సగం గళ్ళలో గీత పెట్టి వదిలేస్తారు. అధికారులకు అనుమానం కలిగేది అక్కడే. నా సర్వీసులో ఖాళీ గడి ఉన్న ఫారం నా బల్ల దాటలేదు. తొమ్మిదో గడి ప్రత్యేక నైపుణ్యాలు. రోడ్లు తవ్వే డిపార్ట్‌మెంటు మనిషికి నిన్ను ఇచ్చారని నాన్నతో నేను ఏడాది మాట్లాడలేదు, అది నీకూ తెలుసు, మీ ఆయనకూ తెలుసు. కానీ కలం పట్టుకుని కూర్చుంటే ఆయన చెవి గురించి పదకొండు వాక్యాలు వచ్చాయి. చదివినవాళ్ళు ఇంతటి మనిషినా లోపల పెట్టాం అని సిగ్గుపడాలి.

మీ వదిన నిన్ను వేళకు తినమంటోంది. ఇకనుంచి నువ్వు రాసే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకో.

అన్నయ్య

*

పంపుహౌసు వీధి,
సెప్టెంబరు 22

అన్నయ్యకు,

నిన్న ఆయన్ను చూడనిచ్చారు. నలభై ఐదు రోజులకు పది నిమిషాలు. మధ్యలో అద్దం, మాట్లాడటానికి రిసీవరు. చిక్కిపోయాడు, అయినా నన్ను చూడగానే మొదట అన్న మాటేంటో తెలుసా. "వెనక గోడలో పైపు కారుతోందే, చెప్తే వినిపించుకోవట్లేదు" అని. నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ లీకు సంగతి చెప్పడమే తప్పైపోయిందట. గోడ లోపల ఏం జరుగుతోందో ఇతను వింటున్నాడని పైవాళ్ళకు రాశారు. కడ్డీని సీజ్ చేశాం, చెవిని సీజ్ చేయలేం కదా అని ఆఫీసరు అన్నాడట. నవ్వులాటకు అనలేదు అన్నయ్యా. మర్నాడే ఆయన్ను జనరేటర్ షెడ్డును ఆనుకుని ఉన్న గదిలోకి మార్చారు. అది పొద్దస్తమానం ఆడుతూనే ఉంటుంది. కుడిచెవి పోటు పెడుతోందన్నాడు. చెవిలో దూది ఉంది, అది పచ్చగా ఉంది.

ఇంకో సంగతి. వాళ్ళు అడుగుతున్న ప్రశ్నలు నాకు అంతుపట్టడం లేదు. పాత మార్కెట్ దగ్గరి వాల్వు తిప్పితే ఏ పేటలకు నీళ్ళు ఆగుతాయో నీకు తెలుసట కదా అన్నారట. అంతవరకూ సరే, ఆఫీసువాళ్ళు చెప్పి ఉంటారు. ఒకరింట్లో గోడకు చెవి ఆనించి మూడిళ్ళ అవతలి లీకు పట్టుకున్నావట కదా అని కూడా అడిగారట. అది మీ ఇల్లు. మీ అబ్బాయి పెళ్ళిచూపులకు బయలుదేరిన నాడు. మనవాళ్ళం తప్ప అక్కడ ఎవరూ లేరు. నువ్వెప్పుడైనా ఎవరితోనైనా మాటవరసకు అన్నావా?

చిట్టి

*

ప్రెస్ కాలనీ,
సెప్టెంబరు 30

చిట్టీ,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ వానలు. మా వీధి చివర దీపం వెలగడం లేదని కమిటీ తరఫున అర్జీ పెట్టాను. మీ వదినకు మోకాలు నొప్పి.

వాళ్ళకు ఏ సంగతి ఎక్కణ్ణుంచి తెలుస్తుందో మనకెలా తెలుస్తుంది. అడగడం వాళ్ళ పని. మండలి నవంబరులో కూర్చుంటుంది కదా, అందాకా ఓపిక పట్టు. చెవి విషయం డాక్టరుకు చూపించమని లిఖితపూర్వకంగా అడుగు. నాకు కాస్త పనులున్నాయి, మళ్ళీ వివరంగా రాస్తాను.

అన్నయ్య

*

పంపుహౌసు వీధి,
నవంబరు 12

అన్నయ్యకు,

ఇంకో మూడు నెలలు.

మండలి ముందుకు నన్ను రానివ్వలేదు. నేను పెట్టుకున్న లాయరమ్మను కూడా గుమ్మం దగ్గరే ఆపేశారు. బయటికొచ్చి గుమాస్తా ఒక కాగితం చదివి వినిపించాడు. నకలు అడిగితే ఇవ్వకూడదన్నాడు, ఇంకోసారి చదవమంటే చదివాడు. ఆ రెండోసారి నేను రాసుకున్నాను. విను.

'ఈ నగరం కింద ఉన్న పైపులన్నీ ఇతని బుర్రలో ఉన్నాయి, మ్యాపుతో పనిలేదు. ఏ వాల్వు తిప్పితే ఏ పేట ఎండిపోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. మా ఇంటి గోడకు చెవి ఆనించి మూడిళ్ళ అవతలి లీకును పట్టుకున్నాడు. ఇతని చెవిని మించిన సాధనం ఆ డిపార్ట్‌మెంటులో లేదు.'

విశ్వసనీయమైన వ్యక్తి ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం ఇలాంటి మనిషి బయట ఉండటం ప్రమాదం అని తేల్చారు. మా ఇంటి గోడ అంట. ఎవరిల్లు అన్నయ్యా అది?

మంచివాడని రాయమన్నాను. అంతే రాయమన్నాను. పాతికేళ్ళలో ఆయన్ను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు నువ్వు. మెచ్చుకోవడానికి నీకు ఆ ఫారమే దొరికిందా? నేను సెప్టెంబరులో అడిగినప్పుడే నీకు తెలుసు. తెలిసి నాకు మీ వీధి దీపం గురించి రాశావు. ఆ ఉత్తరం చించి పారేశాను, నకలు ఉంచుకోలేదు.

ఆయనకు ఎడమచెవి కూడా మొదలైంది. రిసీవరులో నేను అరిస్తే తప్ప వినిపించడం లేదు. డాక్టరు కోసం మూడు అర్జీలు పెట్టాను. ఆ గది మార్చండి చాలు అని ఒకటి పెట్టాను. ఏ ఒక్కదానికీ జవాబు లేదు. లాయరమ్మ ఒకే దారి ఉందంటోంది. వాంగ్మూలం ఇచ్చిన మనిషి స్వయంగా వచ్చి, అది నిజం కాదు, వెనక్కి తీసుకుంటున్నాను అని ప్రమాణం చేసి రాసివ్వాలి. ఫిబ్రవరిలో మళ్ళీ కూర్చునేలోగా ఇవ్వాలి. అది నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేరు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా.

చిట్టి

*

ప్రెస్ కాలనీ,
నవంబరు 19

చిట్టీ,

నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకు తగినవే. నీళ్ళు నమలకుండా ఇప్పుడైనా చెబుతాను.

నువ్వు ప్రశ్నల గురించి రాసేనాటికే ఇద్దరు ఆఫీసర్లు మా ఇంటికి వచ్చి వెళ్ళారు. ఇంత వివరమైన వాంగ్మూలం మా సర్వీసులో చూడలేదండీ అన్నారు. నేను పొంగిపోయాను. మీ వదిన చేత కాఫీ పెట్టించాను. తొమ్మిదో గడి ఇంకాస్త విడమరచి చెప్పమంటే చెప్పాను. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టించుకున్నారు. వాళ్ళు మెట్లు దిగుతుంటే ఒకడు ఇంకొకడితో "ఇది చాలు సార్, ఇక ఏమీ అక్కర్లేదు" అన్నాడు. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ భయంతోనే నీకు వీధి దీపం గురించి రాశాను.

వెనక్కి తీసుకోవడం సంగతి. ముప్పై ఒకటో సెక్షన్ ఉంది. ఈ చట్టం కింద ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని తేలితే మూడేళ్ళు, బెయిలు లేదు. ప్రూఫులో ఆ మూడు అంకెలో ఉంటే, అక్షరాల్లో ఉండాలని గుర్తు పెట్టి దిద్దించింది నేనే. ఆ పేజీ కింద నా పొట్టి సంతకం ఉంటుంది. చట్టం మొత్తం చదివానని నీకు గొప్పగా రాశాను. చదవలేదు చిట్టీ, అందులో తప్పులు వెతికాను, అంతే. అది ఎవరి మెడకు పడుతుందో ఒక్క సెక్షన్ దగ్గర కూడా ఆలోచించలేదు.

ఇంకోటి. నేను రాసినవన్నీ నిజాలు. నిజాన్ని అబద్ధమని ప్రమాణం చేసి రాయడం నాకు చేతకాదు. ఇది సాకు అని నీకు అనిపిస్తుంది. సగం సాకే. మిగతా సగం భయం. నాకు అరవై ఆరేళ్ళు. మూడేళ్ళు లోపల ఉంటే నేను బయటికి రాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

అన్నయ్య

*

పంపుహౌసు వీధి,
డిసెంబరు 3

అన్నయ్యకు,

నిన్ను ఇక రమ్మనను. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

మొన్న ములాఖత్‌లో ఆయనకు నిజం చెప్పేశాను. చెప్పానంటే, కాగితం అద్దానికి ఆనించి పట్టుకుని చూపించాను. రిసీవరుతో ఇక పనిలేదు. గుమాస్తా చదివినప్పుడు నేను రాసుకున్న ఆ నాలుగు వాక్యాలూ, కింద 'మా అన్నయ్య రాసిన పదకొండు వాక్యాల్లో ఇవి నాలుగు' అని నా మాటా. పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. కోపం వస్తుందనుకున్నాను. రావాలని కూడా అనుకున్నాను.

నవ్వాడు. తనకు వినిపించదు కదా, గొంతు ఎంత పెద్దదైపోయిందో ఆయనకు తెలియడం లేదు. గదంతా ప్రతిధ్వనించేలా "మీ అన్నయ్యే? నా గురించే? ఇన్నేళ్ళకు కనిపించానన్నమాట" అన్నాడు. కాపలావాడు కూడా తిరిగి చూశాడు. మిగతా ఏడు వాక్యాలూ ఏంటని అడిగాడు. నాకు తెలియదని చెయ్యి ఊపాను. ఆ నాలుగింటినే చక్కగా తిరగరాసి పంపమన్నాడు. నిన్న పంపాను.

నా మొగుడు అన్నం తినడం తగ్గించాడు, చెవుల వెంట చీము కారుతోంది, నువ్వు రాసిన మెప్పు కాగితం జేబులో పెట్టుకుంటానంటున్నాడు. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను. దీనికి జవాబు రాయకు.

చిట్టి

*

పరిశీలనా మండలి ఆఫీసు, కింది హాలు,
జనవరి 20

చిట్టీ,

జవాబు రాయవద్దన్నావు. ఏడు వారాలు రాయలేదు. ఇది జవాబు కాదు, నేను వచ్చానని చెప్పడానికి.

నీ ఉత్తరం మీ వదిన చదివింది. నాతో ఏమీ అనలేదు. కంచం పెడుతుంది, తీస్తుంది. నిన్న నా పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. అందులో మందులూ, రెండు దుప్పట్లూ ఉన్నాయి. ఎన్నాళ్ళకని సర్దిందో పెట్టె బరువే చెప్పింది. బస్సెక్కేటప్పుడు మాత్రం "మీ బావగారిని అడిగానని చెప్పండి" అంది.

ఇక్కడ కుర్చీలన్నీ నేలకు బిగించి ఉన్నాయి. నాకు నలభై ఏడో నంబరు చీటీ ఇచ్చారు. పక్కన కూర్చున్నావిడ కొడుకు కోసం అదే ఎనిమిది పేజీల ఫారం నింపుతోంది. నా కళ్ళజోడు చూసి చదువుకున్నవాణ్ణనుకుంది కాబోలు, "తొమ్మిదో గడిలో ఏం రాయాలి బాబూ? మావాడు రేడియోలు బాగా రిపేరు చేస్తాడు" అంది. ఆమె చేతిలోంచి కలం తీసుకుని ఆ గడిలో నేనే అడ్డంగా గీత పెట్టాను. నా చేత్తో వదిలిన మొదటి ఖాళీ గడి అది.

తర్వాత నన్ను పిలిచారు. పదకొండు వాక్యాలకూ పదకొండు అబద్ధాలు రాశాను. అతనికి పైపుల గురించి ఏమీ తెలియదు, చెప్పిన చోట తవ్వే మామూలు కూలీ, చెవి మాట కట్టుకథ, గోడ మాట కట్టుకథ, చెల్లెలి మొగుణ్ణి గొప్పవాడిగా చూపించుకోవాలని కల్పించాను అని రాశాను. ఒక్కొక్కటీ రాస్తుంటే బావ మొహం కనిపించింది. నిజం రాసి ఆయన్ను లోపల పెట్టించినవాణ్ణి, అబద్ధం రాసి బయటికి తేలేనా అనుకున్నాను. గుమాస్తా తీసుకుని ముద్ర వేశాడు. మండలికి ఒక ప్రతి, పక్క బల్లకు ఒక ప్రతి పంపాడు. పక్క బల్ల దగ్గరి మనిషి నన్ను కూర్చోమన్నాడు. ఇక ఇంటికి వెళ్ళనివ్వరు.

భయంగా ఉంది చిట్టీ, లేదని చెప్పను. దీన్ని లాయరమ్మ చేతికి ఇస్తున్నాను. కలం కూడా తీసుకుంటారట, అందుకని ఆపుతున్నాను.

అన్నయ్య

*

పంపుహౌసు వీధి,
ఫిబ్రవరి 11

అన్నయ్యకు,

ఇది లాయరమ్మ తనతో తెచ్చి నీ చేతికే ఇస్తుంది. తను పట్టుకొస్తే విప్పి చదవరట. చదివాక తిరిగి తనకే ఇచ్చెయ్యి.

ఆయన ఇంటికొచ్చాడు. సోమవారం వచ్చాడు. నువ్వు సంతోషిస్తావని తెలుసు. సంతోషించు, కానీ మిగతాది కూడా నీకు తెలియాలి. దాచడం మనిద్దరికీ ఇప్పటికే చాలైంది.

నాలుగు నెలలు అడిగితే జనవరిలో డాక్టరును పంపారు. రెండు చెవులూ పోయాయని రాశాడు. వదిలిపెట్టిన ఆర్డరు ఈసారి నా చేతికే ఇచ్చారు. 'నిర్బంధితుడి వినికిడి పూర్తిగా పోయినట్టు వైద్యుడు ధ్రువీకరించినందున, వాంగ్మూలంలో పేర్కొన్న నైపుణ్యం ఇకపై లేదు. కనుక ప్రజలకు ప్రమాదం లేదు.' అంతే ఉంది. డాక్టరు కాగితం జనవరి 19న చేరింది. నువ్వు రాసిచ్చింది 20న. "మీ అన్నయ్యగారి కాగితం మండలి విప్పనేలేదమ్మా" అంది లాయరమ్మ. వాళ్ళకు అక్కర్లేని కాగితం పక్క బల్ల మీద నీకు నేరమైంది. ఒక్క రోజు అన్నయ్యా. నువ్వు నవంబరులో వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఒకసారి, అసలు రాకుండా ఉండాల్సింది అని ఒకసారి తిట్టుకుంటున్నాను. నిన్నే తిట్టుకుంటున్నానో నన్నే తిట్టుకుంటున్నానో తెలియడం లేదు.

ఇంట్లో ఆయన వెనక నుంచి వెళితే ఉలిక్కిపడుతున్నాడు. కుళాయి కట్టేశాడో లేదో చేత్తో తడిమి చూసుకుంటున్నాడు. మా గుమ్మం ముందే రోడ్డు తడిగా ఉంది, రెండు రోజులుగా. నేను చూశాను, ఆయనకు చూపించలేదు.

మేం మాట్లాడుకోవడం కాగితాల మీదే. నువ్వెందుకు లోపల ఉన్నావని నిన్న అడిగాడు. మీ కోసమే అని రాశాను. "నా కోసం ఏం చేశాడు?" అన్నాడు, ఇంటి బయటికి వినిపించేంత గట్టిగా. నువ్వు ప్రమాణం చేసి రాసిన మాటలు నాకు తెలుసు. మామూలు కూలీ, ఏమీ తెలియదు, అంతా కట్టుకథ. అవి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ గురించి అన్నయ్య నిజం రాశాడు, దానికే పట్టుకున్నారు అని రాశాను.

ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పాతదానితో కలిపి జేబులో పెట్టుకున్నాడు. వచ్చే శనివారం నీ ములాఖత్‌కు నాతో వస్తానంటున్నాడు. రిసీవరు నువ్వు ఎత్తక్కర్లేదు. ఆయన అద్దం అవతలి నుంచి నీకు దణ్ణం పెడతాడు. నువ్వు కాదనకు.

చిట్టి